ఖాళీ బొగ్గు

జూలై 3

అత్తకి జ్వరమని రాజేంద్రప్రసాద్ గారికి చెప్పి వచ్చేశాను. తీరా కోటిపల్లిలో గోదారి దాటించే పంటు ఎక్కి ఇటు ముక్తేశ్వరం రేవులో దిగేసరికి, ఆ జ్వరం మనిషే ఎదురొచ్చి నా సూట్‌కేసు లాక్కుని ముందు నడిచింది. సీతారత్నం అత్తకి యాభై తొమ్మిది. జ్వరమే ఆవిణ్ణి చూస్తే పక్కకి తప్పుకుంటుంది.

గైడుకి అబద్ధం చెప్పడం ఐదేళ్ళలో ఇదే మొదటిసారి.

ఈ నెల ఇరవైలోపు జర్మనీ వాళ్ళ మెయిల్‌కి జవాబివ్వాలి. అందులో ఒక్క కటువు మాటైనా ఉంటే బాగుండేది, నాకు కోపమైనా వచ్చేది. ఎంతో మర్యాదగా అడిగారు. "మీ వ్యాసంలో చెప్పినట్టే కొబ్బరిచిప్ప బొగ్గుతో లిథియం-సల్ఫర్ సెల్స్ చేశాం. బొగ్గు బజార్లో కొన్నాం. మీరు చూపించిన రెండో శిఖరం మాకు రావడం లేదు. మీ సెల్స్ మూడు వందల ఛార్జింగులు తట్టుకున్నాయి, మావి నలభైకే పోతున్నాయి. గంధకం కలపకముందు మీ బొగ్గు ఒక్కదాన్నే ఎక్స్-రే ముందు పెట్టి గీసిన గీత ఉంటే పంపగలరా?"

ఖాళీ బొగ్గు గీత. అది లేదు. కొలవలేదు.

ఆగస్టు 18న వైవా. థీసిస్‌లో నాలుగు అధ్యాయాలు ఆ రెండో శిఖరం మీదే నిలబడ్డాయి. అది పోతే నేను ముప్ఫై ఏళ్ళొచ్చిన ఎమ్మెస్సీని.

జూలై 4

తిన్నాను. పడుకున్నాను. మెయిల్ తెరవలేదు.

జూలై 6

అత్త కొబ్బరి కొట్లో గోడకి నా వ్యాసం ఆఖరి పేజీ వేలాడుతోంది. లామినేషన్ చేయించింది. "బొగ్గు సమకూర్చిన శ్రీమతి సీతారత్నం గారికి కృతజ్ఞతలు" అన్న అర్థం వచ్చే ఒక్క ఇంగ్లీషు వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీయించింది. కొబ్బరి కొనడానికి వచ్చిన ఏ వ్యాపారితోనూ అది చూపించకుండా బేరం మొదలెట్టదట. ప్లాస్టిక్ అంచులు అప్పుడే పసుపు తిరిగాయి.

రాజబాబు ఇరవై ఏళ్ళుగా ఆ కొట్లో పని చూస్తున్నాడు. చిప్పల్లోంచి కొబ్బరి వేరుచేస్తూ అడిగాడు. "తులసమ్మగారండీ, నాకు తెలీకడుగుతాను, మన బొగ్గుతో బ్యాటరీ ఎలా ఆడుద్దండీ?"

చెప్పాను. బ్యాటరీలో గంధకం ఉంటుంది, అది కుదురుగా ఉండదు, కరిగిపోయి అటూ ఇటూ తిరిగి బ్యాటరీని చంపేస్తుంది, దాన్ని పశువుని రాటకి కట్టినట్టు కట్టి ఉంచేది మన బొగ్గు.

"కట్టిందని కంటికి కనపడుద్దాండీ?"

"ఎక్స్-రేలో కనపడుతుంది. ఒట్టి గంధకం ఒక చోట ఆ వెలుగుని మింగుతుంది, ఆక్సిజన్‌తో ముడిపడ్డ గంధకం ఇంకో చోట మింగుతుంది. గీత గీస్తే రెండు శిఖరాలొస్తాయి. ఆ రెండోది ఉందంటే ముడి పడ్డట్టు."

"ఆయ్," అన్నాడు. అర్థమైందో, నన్ను మన్నించాడో.

అత్త తలుపు దగ్గర్నుంచి నవ్వింది. "ఇదెప్పుడూ చెప్పేదేరా. దాని బ్యాటరీలోనూ గంధకమే, మన కొట్లోనూ గంధకమే. ఇంటి పిల్ల ఎంత దూరం పోయినా మన సరుకే పట్టుకుంది."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. తర్వాత అన్నం సయించలేదు, ఎండ దెబ్బనుకున్నాను. జూలైలో, ముసురులో, ఎండ దెబ్బ.

జూలై 7

ఖాళీ బొగ్గు కొలవకపోవడం నేరమేం కాదు. ఇండోర్‌లో ఆ ఎక్స్-రే యంత్రం దగ్గర మాకు ఇచ్చింది ఐదు రోజులు. ముప్ఫై ఒక్క శాంపిళ్ళు. ఏది ముఖ్యమో అది కొలుస్తాం. బొగ్గులో గంధకం ఎక్కణ్ణుంచి వస్తుంది? కొబ్బరిచెట్టు గంధకం కాస్తుందా?

కాబట్టి కొలవలేదు. అంతే.

జూలై 9

ఈ వేళ కొట్లో పొగ వేశారు. చిన్నప్పట్నుంచి చూస్తున్నదే. తడికల మీద కొబ్బరి పరిచి, మూకుట్లో నిప్పుల మీద గంధకం చల్లి, తలుపేసి, సందుల్లో తడి గోనె కుక్కుతారు. కొబ్బరి తెల్లగా ఉంటుంది, బూజు పట్టదు. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా నేను ఈ ఇంట్లోనే చదివాను. మూకుడు ముట్టించడం నాకే ఇమ్మని పేచీ పెట్టేదాన్ని.

చూస్తూ నిలబడి, ఏదో ఒకటి అడగాలి కదా అన్నట్టు అడిగాను. "రాజబాబూ, రెండేళ్ళ కిందట నాకు పంపిన బొగ్గు సంచీలు పంపేదాకా ఎక్కడుంచేరు?"

"ఎక్కడుంచుతామండీ, ఇక్కడేనండి. బయట వానలు కదండీ. పొగ వేసినప్పుడల్లా సంచీల మూతి విప్పి తడికల కింద పెట్టమని అత్తయ్యగారు చెప్పేరండి."

"మూతి విప్పా?"

"ఆయ్. విప్పితేనే కదండీ పొగ లోపలికెళ్ళేది."

"ఎన్నిసార్లు?"

వేళ్ళు లెక్కపెట్టాడు. "ఆరు. కాదండీ, ఏడు. శ్రావణం అంతా ఉన్నాయి కదండీ. ఒక సంచీ ఇంకా మిగిలిపోయిందండి, అదిగోండి మూల."

పొగలు పీల్చుకోవడంలో బొగ్గుని మించింది లేదు. అది ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా తెలుసు.

కానీ నేను కడిగాను. యాసిడ్‌తో రెండుసార్లు, నీళ్ళతో ఐదుసార్లు. తర్వాత ఎనిమిది వందల డిగ్రీల్లో కాల్చాను. ఏం మిగులుతుంది? ఏమీ మిగలదు. కడిగాను. కాల్చాను.

జూలై 10

ఇవాళ ప్రవీణ్ కుమార్ గుర్తొస్తున్నాడు. ల్యాబులో నా జూనియరు, అనంతపురం వాడు. ఆ సంచీ మొదటిసారి విప్పిన రోజు పక్కనే ఉన్నాడు. "అక్కా, అగ్గిపుల్ల వాసన వస్తాంది సూడు" అన్నాడు.

నేను సంచీలో తల పెట్టి మరీ వాసన చూశాను. "ఏం వాసనా లేదు, మా ఇంటి వాసన" అన్నాను. వాడు నవ్వి ఊరుకున్నాడు.

అబద్ధం చెప్పలేదు. నాకు నిజంగానే వాసన రాలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఉన్న వాసన ముక్కుకి ఎలా తెలుస్తుంది? ఉప్పుటేరు పక్క వాళ్ళకి చేపల వాసన తెలుస్తుందా?

జూలై 12

అమలాపురం వెళ్ళాను. భవాని అక్కడ జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్, నాతో ఎమ్మెస్సీ చదివింది. "ల్యాబ్ ఒక గంట కావాలి" అంటే తాళాలిచ్చి, పక్కనే స్టూలు మీద కూచుని జవాబు పత్రాలు దిద్దుకుంది. ఎందుకని అడగలేదు. భగవంతుడు కొందరికి ఆ గుణం ఇస్తాడు.

మూల సంచీలోంచి తెచ్చిన బొగ్గు నీళ్ళలో మరిగించి వడగట్టాను. రెండు చుక్కలు యాసిడ్. తర్వాత బేరియం క్లోరైడ్. ఇంటర్ పిల్లలు సల్ఫేటుని, అంటే ఆక్సిజన్‌తో ముడిపడ్డ గంధకాన్ని, పట్టుకునే పరీక్ష; ఉంటే తెల్లబడుతుంది. గొట్టంలో నీళ్ళు పాలైపోయాయి.

సరే, అది కడగని బొగ్గు. నా బ్యాగులో కడిగి కాల్చిన పొడి చిన్న సీసాలో ఉంది, వ్యాసంలో వాడిన అదే పొడి. దాన్నీ అలాగే చేశాను. చుక్క వేశాను. నీళ్ళు తేటగా ఉన్నాయి. నాకు ఎంత ఆనందం వేసిందంటే, భవానీ అని గట్టిగా పిలిచాను.

అది తలెత్తి చూసేలోపు గొట్టం అడుగు నుంచి పల్చటి గంజిలా తెలుపు లేచింది.

"ఏంటే?" అంది.

"ఏం లేదు. సల్ఫేటు."

"వస్తే మంచిదే కదా, పరీక్ష పాసైనట్టు" అని మళ్ళీ పత్రాల్లోకి వంగింది.

కోట్లు ఖరీదు చేసే యంత్రం, ముప్ఫై ఒక్క శాంపిళ్ళు, రెండేళ్ళ లెక్కలు. చివరికి నన్ను ఇంటర్ పరీక్ష పట్టుకుంది. నా రెండో శిఖరం బ్యాటరీలో పుట్టలేదు. మా కొట్లో, మూకుట్లో పుట్టింది.

బస్సులో ఏడ్చాను. పక్కన కూచున్నావిడ జామకాయ ఒకటి చేతిలో పెట్టింది.

జూలై 13

ముసురు.

జూలై 14

ప్రవీణ్ మెసేజ్ పెట్టాడు. దాచిపెట్టుకోకూడదు, ఇక్కడ రాసుకుంటాను. "అక్కా, నలభై రెండో సెల్లు కూడా పోయింది. కొన్న బొగ్గుతో నాకు ఒక్కసారీ రెండో శిఖరం రాలేదు. నీకు వచ్చింది, నాకు రావట్లేదంటే నా చేతిలోనే ఏదో లోపముంది. సారుతో చెప్పి మానేసి ఇంటికి పోదామనుకుంటున్నా. నువ్వు వచ్చినాక ఒక మాట చెప్పక్కా."

పద్నాలుగు నెలలుగా వాడు నా శిఖరం కోసం వెతుకుతున్నాడు. ల్యాబులో అందరికంటే శుభ్రమైన చేతులు వాడివి. వేడి పెట్టెలోంచి సెల్లు తీసేటప్పుడు ఊపిరి కూడా బిగబడతాడు.

కొలవలేదు అని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో వెనక్కి తిప్పి చూశాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా రాయలేకపోయాను.

కొలిచాను.

ఇండోర్‌లో నాలుగో రోజు మధ్యాహ్నం, శాంపిల్ మార్చే సందులో ఆరు నిమిషాలు ఖాళీ దొరికింది. ఖాళీ బొగ్గు పెట్టాను. గీత వచ్చింది. 2480 దగ్గర, సరిగ్గా ఆ రెండో శిఖరం వచ్చే చోటే, చిన్న బుడిపె. నాకు కనపడింది. అందరూ టీకి వెళ్ళారు, గదిలో నేనొక్కదాన్నే. ఆరు నిమిషాల గీత కదా, గరుకుగా ఉంది, ఇది యంత్రం గోల అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా? మళ్ళీ గంట సేపు సరిగా కొలవాల్సింది. ఆ గంటలో అన్నిటికంటే అందంగా వచ్చిన సెల్లుని రెండోసారి కొలిచాను, బొమ్మ ఇంకా నున్నగా వస్తుందని. ఆ ఫైలు చెరపలేదు. 'ఇతరాలు' అన్న ఫోల్డర్లో పడేశాను. చెరిపేసేంత దొంగను కాను, బయట పెట్టేంత మనిషినీ కాను.

పొగ వేసింది అత్త. కానీ చూసి కళ్ళు మూసుకుంది నేను.

జూలై 16

రాజేంద్రప్రసాద్ గారికి ఫోన్ చేసి పొగ సంగతి చెప్పాను. ఫైలు సంగతి చెప్పలేదు. ఆయన చాలా నెమ్మదిగా, నా మీద జాలితోనే అన్నారు. "అమ్మా, ఇలాంటివి జరుగుతాయి. వ్యాసం వెనక్కి తీసుకుందాం, తప్పదు. ముడిసరుకు సరఫరా చేసినవారి దగ్గర గంధకం కలిసిందని, అది మా దృష్టికి రాలేదని రాద్దాం. నిజమే కదా? మన నిజాయితీకి మచ్చ ఉండదు. ఆ అధ్యాయాలు సవరించుకుని ఆర్నెల్లలో వైవా పెట్టించుకోవచ్చు. నేను ముసాయిదా పంపుతాను."

"ఆయ్ అండీ," అన్నాను. భయమేస్తే నాకు ఇంటి భాష వస్తుంది.

"అసలు ఆ పొగ వల్లే నీ సెల్లు అన్నాళ్ళు బతికిందేమో," అని కూడా అన్నారు. కావచ్చు. కానీ నేను రాసింది అది కాదు.

జూలై 17

ముసాయిదా వచ్చింది. నాలుగు వాక్యాలు. పదిసార్లు చదివాను. "సరఫరాదారు స్థాయిలో జరిగిన కాలుష్యం." "పరిశోధకుల దృష్టికి రాలేదు." సంతకం పెట్టి పంపితే నా ఐదేళ్ళలో నాలుగున్నరేళ్ళు బతుకుతాయి.

సరఫరాదారు ఇప్పుడే వచ్చి నా మంచం మీద దుప్పటి మార్చి, చలి పుడుతోందా అని అడిగి వెళ్ళింది.

సరఫరాదారు అంటే అత్త అని ఎవరికి తెలుస్తుంది? కృతజ్ఞతల్లో పేరుంది కాబట్టి, చదివిన వాళ్ళందరికీ తెలుస్తుంది. అయినా అత్తకి ఇంగ్లీషు రాదు. జర్మనీ వాళ్ళు ముక్తేశ్వరం వచ్చి ఆవిణ్ణి నిలదీయరు. పంపేస్తే ఎవరికీ ఏమీ కాదు.

పంపేస్తాను. రేపు.

జూలై 18

పంపలేదు. ముందు అత్తకి చెప్పాలనిపించింది. ఎందుకో తెలీదు. తిడుతుందని ఆశపడ్డానేమో.

పెరట్లో కందిపప్పు చెరుగుతోంది. చెప్పాను, ఆ ఆరు నిమిషాల ఫైలు సంగతి తప్ప అంతా. చేట ఆపలేదు.

"అయితే నా పొగ వల్లే చెడిందా?" అంది.

"అలా కాదత్తా..."

"అలాగే కదే. వానల్లో గోనెకి బూజు పడితే, తెల్లటి బూజు బొగ్గుకి అంటుకుంటుంది, పెద్ద కాలేజీలో నీకు మాటొస్తుందని వేయించేను. రాజబాబు అడిగేడు కూడాను, బొగ్గుకి పొగేంటండీ అని. నేనే అన్నాను, దాని బ్యాటరీలో వేసేది గంధకమే కదరా, గంధకానికి గంధకం పొగ తగిల్తే ఏం తప్పు, ఇంకా మంచిదే అని. ఒకసారికి ఏడుసార్లు వేయించేను." చేట ఆపింది. "నన్నడగొచ్చు కదే. ఏం చేసి పంపేవత్తా అని ఒక్క మాట అడగలేదే నువ్వు."

అడగలేదు. రెండేళ్ళలో బొగ్గు గురించి అందరికీ చెప్పాను, తయారు చేసిన మనిషిని మాత్రం ఏమీ అడగలేదు. ఇల్లు నాకు తెలుసుననుకున్నాను.

తర్వాత అత్త అడిగింది. "నా పేరు తీసేస్తారా?"

వ్యాసం వెనక్కి తీసుకుంటే అందరి పేర్లూ పోతాయని చెప్పాను.

"నీది కూడానా?"

"నాదే ముందు పోతుందత్తా."

అప్పుడు ఏడ్చింది. తన పేరు పోతుందంటే ఏడవలేదు.

కాసేపటికి ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, "అయినా నాకర్థం కాక అడుగుతాను," అంది. "పొగ వేసింది, వేయనిది పక్కపక్కన పెట్టి చూడరా మీరు? మా దగ్గర కొబ్బరి కొనేవాడైనా పొగ పెట్టని చిప్ప ఒకటి చూపించమంటాడే. అందుకని ప్రతి వాయికీ నాలుగు చిప్పలు బయటుంచుతాను. అది లేకపోతే సరుకు ముట్టుకోరు."

చూరు కింద ఉట్టిలో ఆ నాలుగు చిప్పలు ఎప్పుడూ ఉంటాయి. చిన్నప్పుడు అందులోంచి దొంగిలించి తిని దెబ్బలు కూడా తిన్నాను.

"చూస్తామత్తా," అన్నాను. "నేను చూశాను. చూసి దాచాను."

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, చేట అందుకుని మళ్ళీ చెరగడం మొదలెట్టింది.

జూలై 19

ముసాయిదాలో రెండు వాక్యాలు కొట్టేశాను. వాటి చోట నావి రాశాను. "బొగ్గు తయారుచేసినవారి తప్పు ఏమీ లేదు, వారిని ఎవరూ ఏమీ అడగలేదు. గంధకం కలపని బొగ్గును నేను కొలిచాను, అందులో ఈ శిఖరం కనిపించింది, ఆ కొలతను నేను బయట పెట్టలేదు. నా గైడుకి, సహచరులకి ఈ సంగతి తెలియదు." ఆ ఆరు నిమిషాల ఫైలు జతచేశాను.

జర్మనీ వాళ్ళకి, పత్రికకి, రాజేంద్రప్రసాద్ గారికి పంపాను. ప్రవీణ్‌కి వేరేగా రాశాను. "నీ చేతుల్లో ఏ లోపమూ లేదు. నీ నలభై రెండు సెల్లులే సరైనవి. నాది తప్పు." ఇంకేదో రాయబోయి చెరిపేశాను. క్షమించమని అడిగితే వాడు వెంటనే క్షమిస్తాడు. అంత చవగ్గా వద్దు.

నేను ఏం చేసుకున్నాను? ఆర్నెల్లు ఆగితే డిగ్రీ వచ్చేది. ఎవరికీ తెలిసేది కాదు. వెనక్కి తీసుకోవడానికి ఏదైనా బటన్ ఉందా అని నిజంగా వెతికాను.

జూలై 21

వైవా రద్దు. విచారణ కమిటీ వేస్తారట, ఫెలోషిప్ ఈ నెల నుంచే ఆపారు. రాజేంద్రప్రసాద్ గారు ఒక్క వాక్యం రాశారు. "ముందే నాకు చెప్పి ఉండాల్సింది, తులసీ." ఎప్పుడూ అమ్మా అనేవారు.

ప్రవీణ్ దగ్గర్నుంచి రెండు రోజులుగా ఏమీ లేదు. ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. "మానేయట్లేదక్కా." అంతే. నీతో మాట్లాడతాననీ లేదు, మాట్లాడననీ లేదు.

జర్మనీ నుంచి ధన్యవాదాలు. వాళ్ళు మర్యాద మానరు.

గోదారి ఎర్రనీళ్ళు రేవు మెట్లెక్కాయి. పంటు ఆపేశారు. వెళ్ళడానికి ఎక్కడికీ లేదు కాబట్టి నాకేం ఇబ్బంది లేదు.

జూలై 23

కొట్లో పొగ వేసే రోజు. గోడ మీద పేజీ లేదు, మేకు మాత్రం ఉంది.

మూల రెండు కొత్త సంచీలున్నాయి. అత్త రాజబాబుతో అంటోంది. "ఒకటి లోపల పెట్టరా, మూతి విప్పి. రెండోది ఇంట్లో నా మంచం కిందకి చేర్చు. కొట్టు గాలి కూడా తగలకూడదు."

"ఎందుకత్తా ఇప్పుడు?" అన్నాను. "నన్ను ల్యాబులోకి రానిస్తారో లేదో తెలీదు."

"నిన్ను రానివ్వకపోతే ఆ అనంతపురం అబ్బాయికి పంపు. రెండూ పంపు. దేనికి ఏం చేసేనో చీటీ రాసి కట్టు, నేను చెప్తాను, ఒక్కటీ వదలకుండా రాయి."

చీటీ రాశాను. ఎన్ని చిప్పలు, ఏ డ్రమ్ములో కాల్చింది, ఎన్నిసార్లు పొగ. ఆవిడ చెప్తుంటే ప్రతిదీ అడిగి అడిగి రాశాను.

రాజబాబు నిప్పుల మీద గంధకం చల్లాడు. నీలం మంట లేచింది. తలుపు వేసి సందుల్లో గోనె కుక్కుతుంటే నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, ఎప్పుడూ నిలబడే చోటే. గొంతు పట్టేసింది. కళ్ళ వెంట నీళ్ళు. దగ్గు ఆగలేదు, అరుగు మీద కూలబడ్డాను.

అత్త పరిగెత్తుకొచ్చి వీపు రాసింది. "ఏంటే, ఏవయింది?"

"వాసనత్తా."

"వాసనేంటే," అంది ఆశ్చర్యంగా. "ఎప్పుడూ ఉండేదేగా."